తాగరాని నీళ్ళకు కాపలా

సోమవారం పొద్దున ఆటోకు కట్టిన మైకు గరగరలాడుతూ వీధిలోకి వచ్చింది. "నీటి శుద్ధిలో భాగంగా పనిచేయని బోర్లన్నీ పూడిపిస్తాం" అంది. వీధికి మాత్రం "తోడిపిస్తాం" అని వినపడింది. ఫ్యాక్టరీ గోతుల్లో పోసిన ద్రావకం ఆ వీధి నేలలోకి దిగి పదేళ్ళయింది. ఇన్నాళ్ళకు బుద్ధొచ్చి విషం తోడిపోస్తారు కాబోలని ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇస్త్రీ అక్క కూడా పెట్టె పక్కనపెట్టి కొట్టింది. నిరుడు ఆమె చిన్నకూతురు పోయింది. ఆస్పత్రి కాగితం జ్వరమంది.

బోర్లు బాగుచేసే వాషరు మామ ఆటో ఆపి కాగితం లాక్కుని చదివాడు.

"తోడటం కాదమ్మా, పూడ్చటం. సిమెంటు పోసి."

"పోతే పోనీ మామా," అంది అక్క. "ఎట్లాగూ తాగట్లేదుగా."

"మనం వేసిన కేసులో గురువారం కోర్టు మనిషి పరీక్షకు నీళ్ళు పట్టుకెళ్ళటానికి వస్తున్నాడు. బోర్లు లేకపోతే సీసాల్లో ఏం పోసిస్తావు, కన్నీళ్ళా? నేరం తేలకపోతే ఈ నేలను బాగుచేసేదెవరు?"

శుద్ధి అంటే అదీ. కడిగేది నేలను కాదు, చేతుల్ని.

మధ్యాహ్నం కంపెనీ సూపర్‌వైజరు వచ్చాడు. "మామా, పదకొండు బోర్లూ చచ్చాయని సంతకం పెట్టు. కొత్త కొళాయిల పని నీకే రాయిస్తా."

"చెయ్యి బానే ఉంది బాబూ. సంతకమే పడిపోయింది."

మర్నాడు పట్టపగలే కంపెనీ మనుషులు పోలీసుల్ని పక్కన పెట్టుకుని బోర్లు విప్పారు. లోపలి తోలు వాషర్లు పీక్కుపోయారు. వాషరు లేని బోరు ఎంత కొట్టినా గాలే తప్ప నీళ్ళెత్తదు.

"ఇప్పుడు చచ్చాయిగా," అని నవ్వాడు సూపర్‌వైజరు.

సాయంత్రం వీధంతా బోరు చుట్టూ కూచుంది. మామ లేచాడు.

"ఒక సంగతి చెప్పాలి. ఏడాదికోసారి మార్చే వాషరు ఇక్కడ నెలకే బంకలా సాగేది. గిరాకీ బాగుందని మురిశాను. నా పేరు కూడా దాన్నించే వచ్చింది. తోలును తిన్న నీళ్ళు పేగుల్ని తినవా అని తట్టలేదు. మా ఇంట్లో మీ అత్త పోయాక తట్టింది."

"మా చిన్నది అప్పటికి బతికే ఉంది మామా," అంది అక్క.

"ఉందమ్మా."

"ఒక్క మాట చెప్పలేకపోయావా?"

ఆయన బోరు గట్టున కూచున్నాడు. వెనక నుంచి ఎవరో "తన్నండి" అన్నారు. "తంతే కంపెనీ కళ్ళు చల్లబడతాయి" అన్నారు ఇంకెవరో.

అక్క కాలి చెప్పు తీసింది. కొడుతుందనుకుని అందరూ లేచారు. ఆమె దాన్ని ఆయన ఒళ్ళో పడేసింది.

"తోలుదే. కొయ్యి. ఎట్లా కొయ్యాలో మాకూ నేర్పు. తిట్టేది తర్వాత తిడతాను."

చెప్పాల్సినప్పుడు చెప్పని మనిషి ముందు చెప్పులు గుట్టపడ్డాయి. తోలు నానబెట్టి గిన్నెలా ఒత్తటం, రాడ్డుకు బిగించటం, పైపు జారిపోకుండా పట్టటం పొయ్యిలు వెలిగించకుండా నేర్చుకున్నారు. బుధవారం పోలీసు జీపు వచ్చి, కంపెనీ పనికి అడ్డుపడ్డాడని మామను ఎక్కించుకుపోయింది. అప్పటికి నాలుగు బోర్లే అయ్యాయి. మిగతా ఏడూ ఆడవాళ్ళే బిగించారు.

గురువారం కోర్టు మనిషి వచ్చాడు. "మెకానిక్కే లేడు. చచ్చిన బోర్లకి మీకెందుకు సార్ శ్రమ," అన్నాడు సూపర్‌వైజరు.

అక్క హ్యాండిల్ పట్టుకుంది. నీళ్ళు పడ్డాయి. పైపులో నిలవున్నవి పోయేదాకా కొట్టాలన్నాడు కోర్టు మనిషి. కొట్టింది. ఆ ద్రావకం వాసన వచ్చింది. చేదుగా ఉందమ్మా అని గ్లాసు తోసేసిన పిల్లతో, నీళ్ళకు రుచేంటే, తాగు అన్న నోరు తనదే. చేతులు ఆగితే కూలబడతానని ఆపకుండా కొట్టింది.

సీసా నిండింది. "పైన రాయాలి. ఇది ఎన్నో బోరు?"

"మా చిన్నది తాగిన బోరు."

కలం ఆగింది. ఆమె సీసాను అతని ముందుకు జరిపింది. అతను రాశాడు.

రెండో సీసా మీద "మా ఆయన తాగిన బోరు" అని రాయించారు. మూడోదాని మీద "మా అమ్మ తాగిన బోరు". నెంబర్లు చెప్పండని సూపర్‌వైజరు అరుస్తూనే ఉన్నాడు. వీధికి అంకెలు రావటం మానేశాయి.

పదకొండోది మామ ఇంటి ముందుది. తలుపుకు తాళం. చెప్పటానికి ఎవరూ లేరు. అక్క నడిచి వెళ్ళి, కొంగు బిగించి, హ్యాండిల్ అందుకుంది.

"మా అత్త తాగిన బోరు. రాసుకోండి."