చూపులకు పెట్టిన సీటు

సైకిలు మీద మనిషిని మోసేవి చక్రాలని మీరు అనుకుంటారు. చక్రాలు మోసేది సైకిలును. మనిషిని మోసేది నేను. నేను ఒక తోలు సీటును. మూడు స్ప్రింగుల మీద బిగించిన దళసరి తోలు, ముక్కు కింద ఆ తోలును లాగి పట్టే ఒక బోల్టు, వెనక వరసగా రాగి రివెట్లు. ఇంతే నా ఆస్తి. ఈ ఆస్తితోనే డెబ్బై ఏళ్ళు నెట్టుకొచ్చాను. నన్ను కొన్నవాళ్ళలో ఎవరూ నావల్ల నష్టపోలేదు. ఈ మాట అనగలిగిన వస్తువులు మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

నానబెట్టిన తోలును చెక్క అచ్చు మీద పరిచి, చుట్టూ కొట్టి, ఎండబెట్టి నాకు ఆకారం తెచ్చారు. ఒక నల్ల సైకిలుకు బిగించి, గోనెపట్టా చుట్టి, ప్రొద్దుటూరులోని ఒక అంగడికి పంపారు. అక్కడ మమ్మల్ని కొన్నది పత్తి దళారీ కొండయ్య శెట్టి.

నాకు వ్యాపారం నేర్పింది ఆయనే. చుట్టుపక్కల పల్లెలన్నీ నా మీద కూర్చునే తిరిగాడు. రైతు ఇంటి ముందు దిగి, చిటికెడు పత్తి తీసి, వేళ్ళ మధ్య సాగదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా మళ్ళీ సైకిలెక్కేవాడు. రైతే వెనకనుంచి పిలిచేవాడు. సరుకు నచ్చిందని నోటితో అంటే ధర పెరుగుతుందని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని ఇంట్లో వంట విషయంలోనూ పాటించాడని, అందుకే ఆయన భార్య ఆయనతో సరిగా మాట్లాడేది కాదని విన్నాను.

ఆయన లెక్క రూపాయల్లో ఉండేది. నాది బరువుల్లో. పంట బాగా పండిన ఏడు శెట్టి నా మీద దిమ్మెలా కూర్చునేవాడు. వానలు లేని ఏడు స్ప్రింగులు సగం కూడా దిగేవి కావు. ఇంట్లోవాళ్ళకు చెప్పని సంగతులు నాకు అలా తెలిసేవి. మంచి తోలుకు ఇంకో గుణం ఉంది. ఎక్కువ కాలం కూర్చున్న మనిషి ఆకారాన్ని పట్టేస్తుంది. సంచీ ఎడమ భుజానికి వేలాడుతుంది కాబట్టి శెట్టి కుడివైపుకు ఒరిగి కూర్చునేవాడు. ఇరవై రెండేళ్ళలో నాకు కుడివైపు ఒక గుంట పడింది. తర్వాత ఆయన మోపెడ్ కొన్నాడు. మేము మెట్ల కిందికి వెళ్ళి, అక్కడ ముప్పై ఏళ్ళకు పైగా ఉండి, చివరకు పాత ఇనుముకు వెళ్ళాం.

ఆ పాత ఇనుము కొట్లో నన్ను చూసినవాడు చెన్నకేశవులు సారు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. పాత సైకిళ్ళు కొని, బాగుచేసి, తిరిగి అమ్మడం ఆయన సరదా. లాభం కోసమా అంటే కాదంటాడు. నష్టానికా అంటే అసలు కాదంటాడు. ఒక సైకిలు అమ్మితే వచ్చింది తర్వాతి సైకిలుకు పోతుంది. నేను వచ్చిన నల్ల సైకిలు చట్రాన్ని లోపలినుంచి తుప్పు తినేసింది. దాన్ని ఆయన గోరుతో గీకి చూసి పక్కన పెట్టాడు. నన్ను మాత్రం విప్పి ఇంటికి తెచ్చి, నెల రోజులు ఆముదం పట్టించి, మైనం రుద్ది, బోల్టు బిగించి నిలబెట్టాడు.

ఆయన వరండాలో ఆదివారమంతా కిరోసిన్ వాసన. గిన్నెలో నానుతున్న చైన్లు, ఎమరీ కాగితంతో తుప్పు వదిలించుకుంటున్న మడ్‌గార్డులు, తలకిందులుగా నిలబడి వంకర తీయించుకుంటున్న చక్రాలు. అంతా అయ్యాక రంగు వేసి, ఆఖరున సన్నని కుంచెతో బంగారు గీత గీస్తాడు. గీస్తున్నంతసేపు ఊపిరి బిగబడతాడు. ఆ గీత కోసమే ఆయన మిగతా పనంతా చేస్తాడని నా అంచనా.

అసలైన తోలు సీటు ఆయన దగ్గర నేనొక్కదాన్నే. అందుకని అమ్మకానికి సిద్ధమైన ప్రతి సైకిలుకూ నన్నే బిగించి చూపించేవాడు. బేరం కుదిరాక విప్పేసి రెగ్జిన్ సీటు వేసి పంపేవాడు. అలా పదకొండు సైకిళ్ళ మీద కూర్చున్నాను. ఒక్కదానితోనూ పోలేదు. ఆయన భార్య గురమ్మ దీన్ని వేళాకోళం చేసేది.

"ఈ సీటు మనింట్లో అరువు నగ మాదిరి. పెండ్లిచూపులకు పెట్టేది, చూపులైనంక తీసి బీరువాలో దాచేది."

"ముందే చెప్తాండా గదా గురూ, దాపరికమేముండాది."

నిజమే, ముందే చెప్పేవాడు. సీటు చూపులకే, ఇచ్చేది వేరే, ఇష్టమైతేనే తీసుకోమని. లోటేదో మనమే ముందు చెప్పేస్తే, కొనేవాడికి వెతకడానికి ఏమీ మిగలదు. శెట్టి కూడా మెచ్చుకోవలసిన పద్ధతి, లోపలే అయినా సరే.

సారుకు ఇంకో పట్టింపు ఉంది. కొనేవాడు ఎక్కి వీధిలో ఒక్క రౌండు తొక్కి రావాలి. తొక్కనివాడికి అమ్మడు. అందువల్ల నా మీద ఎన్నో రకాల మనుషులు కూర్చున్నారు, కానీ ఒక్కొక్కరూ అయిదేసి నిమిషాలే. తిండికి లోటు లేదు, మర్యాదకు లోటు లేదు. బరువుకే కరువు.

పన్నెండో సైకిలుకు ఎనిమిది నెలలు పట్టింది. ఆకుపచ్చ రంగు, చైను కవరు మీద జంట గీతలు. దాన్ని చూడడానికి దస్తగిరి వచ్చాడు. ఉగ్గాని బజ్జీతో పేరు తెచ్చుకుని, ఇప్పుడు బైపాసు రోడ్డు మీద పెద్ద హోటలు కట్టినవాడు.

"గోడకు తగిలిస్తా సారూ. చుట్టూ లైట్లు పెట్టిస్తా. వచ్చినోళ్ళు ఫోటోలు దిగుతారు. ఈ సీటుతోనే కావాల, ధర మీరే చెప్పండి."

నాకు స్ప్రింగులు బిగుసుకుపోయాయి. మనిషి బరువు పడని తోలు ఎండి పగులుతుంది. వరండాలో అప్పుడప్పుడైనా ఎవరో ఒకరు కూర్చుంటారు. గోడ మీద నామీద ఎవరు కూర్చుంటారు, బల్లి తప్ప?

"సీటు ఇయ్యనన్నా. సైకిలు కావాలంటే ఒక్క రౌండు తొక్కి రా," అన్నాడు సారు.

"గోడకు తగిలించేదానికి తొక్కేదెందుకు సారూ? ఫోటోకు ఫ్రేము కట్టించేటప్పుడు దాంట్లో మనిషిని నడిపించి చూస్తామా?"

"నా పద్ధతి అంతే."

దస్తగిరి ఆరోజు మోకాలు నొప్పన్నాడు. రెండో ఆదివారం వచ్చి ధర పెంచాడు. కొత్త చెప్పులు, తొక్కడానికి వీలుకాదన్నాడు. మూడో ఆదివారం ఇంకా పెంచాడు. డబ్బు తప్ప ఇంకేమీ తెలియని మనిషని నేను తూకం వేసేశాను. సారు ముఖంలో ఊగులాట కనిపిస్తోంది. ఆ ధరకు ఇంకో మూడు పాత సైకిళ్ళు వస్తాయి. పద్ధతి పక్కన పెట్టి, సీటుతో సహా ఇచ్చేస్తాడేమోనని నా భయం.

అప్పుడే గురమ్మ టీ తెచ్చింది. దారికి అడ్డంగా ఉందని దస్తగిరి సైకిలును పక్కకు తోశాడు. కుడివైపు నిలబడి తోశాడు. కవరు కప్పని కింది చైను తగిలి తెల్ల ప్యాంటుకు నల్లటి మరక పడింది. సైకిలు వచ్చినవాడెవడూ చైను వైపు నిలబడి తోయడు. గురమ్మ ఆ మరకను చూసింది, మనిషిని చూసింది.

"అన్నా, నీకు సైకిలు రాదు గదా," అంది మెల్లగా.

దస్తగిరి రుమాలు తీసి మరక తుడవబోయి మానుకున్నాడు.

"రాదు మా. చిన్నప్పుడు ఈ ఊరికొచ్చి హోటల్లో గ్లాసులు కడుగుతాంటి. అద్దె సైకిలు అడిగితే, పూచీకి తెలిసినోళ్ళెవరో చెప్పమనిరి. నాకెవరున్నారు ఊర్లో. తర్వాత ఆటో వచ్చె, కారు వచ్చె. సైకిలు మాత్రం రాల్యా."

నా తూకం ఇంత తప్పడం అదే మొదటిసారి. ధర పెంచుతూ పోయిన మనిషి గొప్ప చూపించుకోవడం లేదు, ఎక్కమంటారేమోనని తప్పించుకుంటున్నాడు.

"రాకుంటే నేర్చుకుందువులే," అన్నాడు సారు.

"యాభై మూడేండ్లకా? జనం చూస్తే బజ్జీ తినేది మాని నన్ను చూస్తారు."

"చూడనీన్నా. టికెట్టు పెడదువు," అంది గురమ్మ.

మర్నాటినుంచి తెల్లవారగానే స్కూలు మైదానం. సారు నన్ను అడుగుకంటా దించాడు. దస్తగిరి ఎక్కాడు. తొంభై ఆరు కిలోలు. శెట్టి బాగా పండిన ఏడు కూడా ఇంత లేడు. మూడు స్ప్రింగులూ ఒక్కసారిగా కిందికి దిగి, చాలా ఏళ్ళ తర్వాత కడుపునిండా తిన్నట్టయింది. మొదటి వారం ఆయన తొక్కినదానికంటే పడింది ఎక్కువ. చైను కవరు మీది జంట గీతల్లో ఒకటి రాళ్ళకు గీరుకుపోయింది. దస్తగిరి లేచి మోచెయ్యి చూసుకోకుండా ఆ గీతను చూసి, సారు వైపు చూశాడు. ఎనిమిది నెలల పని. సారు వంగి సైకిలును లేపి నిలబెట్టాడు.

"గీత మళ్ళ గీస్తా. నువ్వెక్కు."

మూడో వారంలో ఒకరోజు దస్తగిరి ఉల్లిగడ్డల ధర గురించి వెనక్కి చెబుతూ తొక్కుతున్నాడు. క్యారియరు పట్టుకోవలసిన సారు యాభై అడుగుల వెనక గురమ్మ పక్కన నిలబడి ఉన్నాడు. సంగతి తెలిశాక కూడా దస్తగిరి ఆగలేదు. ఆనందం పట్టలేక అని గురమ్మ అనుకుంది. దిగడం ఇంకా నేర్చుకోలేదు కాబట్టి అని నాకు తెలుసు.

అమ్మకం రోజున సారు స్పానరు పట్టుకుని నన్ను విప్పడానికి వంగాడు. వంగినవాడు ఆగిపోయాడు. బొటనవేలితో నన్ను తడిమి చూశాడు. శెట్టి పడేసిన కుడి గుంట దాదాపు సాపయింది. దాని స్థానంలో రెండు వైపులా రెండు వెడల్పాటి గుంటలు మొదలయ్యాయి.

"గురూ, ఇట్ల చూడు. ఇంక దీన్ని వేరే సైకిలుకు పెట్టి చూపిస్తే ఎవురికీ నప్పదు."

స్పానరు పక్కన పెట్టేశాడు. దస్తగిరికి నమ్మకం కలగలేదు.

"సీటు ఇయ్యనంటిరి గదా సారూ."

"నేనియ్యలేదన్నా. మూడు వారాలు కూర్చొని నువ్వే తీసుకుంటివి."

నాకు మాత్రం ఇంకా గుబులు పోలేదు. హోటలు గోడకు కొక్కేలు కొట్టించాడని, లైట్లు కూడా బిగించారని దస్తగిరి నోటినుంచే విన్నాను. అడిగింది గురమ్మ.

"అయితే ఈరోజే గోడెక్కిస్తావా?"

దస్తగిరి స్టాండు తీశాడు. ఈసారి ఎడమవైపే నిలబడ్డాడు.

"గోడకు తగిలిస్తే రేపు మార్కెట్టుకు దేని మీద పోవాల మా?" అని ఎక్కి వెళ్ళిపోయాడు.

ఏడాది అయింది. రోజూ తెల్లవారగానే కూరగాయల మార్కెట్టుకు పోతాం. వచ్చేటప్పుడు క్యారియరు మీద కొత్తిమీర, పుదీనా, హ్యాండిల్‌కు మిరపకాయల సంచీ. గోడ మీద వెలిగే లైట్ల మధ్య ఏమీ లేదు. వచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే బయట నిలబెట్టిన మమ్మల్ని చూపిస్తాడు. వాళ్ళు బయటికే వచ్చి ఫోటోలు దిగుతారు. సారు పదమూడో సైకిలును రెగ్జిన్ సీటుతోనే చూపించి, అనుకున్న ధరకే అమ్మాడట.

దస్తగిరి ఈ ఏడాదిలో నాలుగు కిలోలు తగ్గాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని అందరితో పది అని చెప్పుకుంటాడు. అసలు తూకం నా దగ్గర ఉంది. నన్నెవరూ అడగరు కాబట్టి పదే చెల్లుతోంది.