అత్తమ్మ ఎక్కితే అరిచే జీపు

హెన్రీకి వచ్చిన కష్టం ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. అతను నడిపే పాత డీజిల్ జీపు మామూలుగా బుద్ధిమంతురాలే. అత్తగారు మగ్దలీనమ్మ ఎక్కి కూర్చుందా, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకపోయినా, న్యూట్రల్లో ఉన్నా, గొంతు చించుకుని అరుస్తుంది. ఆమె దిగగానే నోరు మూసుకుంటుంది. బండికి కూడా మా అమ్మంటే భయమేనని భార్య అబిగయీలు కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. నవ్వదూ మరి, నడిపేది ఆమె కాదుగా!

జీపు మగ్దలీనమ్మ భర్తది. ఆయన పోయాక ఆమె పేరుకు మారింది. ముత్తుకూరు అవతల రేవులో దిగిన చేపల పెట్టెల్ని ఇసుకలోంచి రోడ్డెక్కించాలంటే నాలుగు చక్రాలూ లాగే బండే కావాలి. హెన్రీ బతుకుతెరువు అదే. అలాంటి బండిని శివశంకర్ అనే రొయ్యల చెరువుల ఆసామికి అమ్మేస్తానని ఆమె కూర్చుంది.

"ఈ అరుపుకి నా చెవులు పోతుండాయి. సోమవారం వచ్చి తోలుకోని పోతాడులే," అని తేల్చేసింది.

ఆమె రిటైరైన నర్సమ్మ. ఊళ్ళో సగం మందికి సూది పొడిచిన చెయ్యి. ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం సర్పంచికే లేదు, ఇక ఇంటల్లుడికి ఎక్కడిది?

మెకానిక్ కామాక్షయ్య చేయని వైద్యం లేదు. స్ప్రింగు మార్చాడు. కేబులుకు నూనె పట్టించాడు. స్క్రూ తిప్పి ఇంజను వేగం ఎంత తగ్గించాడంటే, ప్రతి మలుపులోనూ బండి ఆగిపోయింది. చివరికి చేతులెత్తేశాడు.

"నా షెడ్డులో అరవందే జబ్బెట్టా కనిపెట్టేది హెన్రీ? మీ అత్తనే పిలుచుకోని రా."

మీరెక్కితేనే బండికి తెగులు వస్తోంది, పరీక్షకు రండి అని అత్తగారితో ఎవడంటాడు? హెన్రీ నిలువెత్తు అబద్ధమాడాడు. కామాక్షయ్య తన షెడ్డు కోసం ఆమెతో ప్రార్థన చేయించుకోవాలని ముచ్చటపడుతున్నాడన్నాడు. కామాక్షయ్య నుదుటి నిండా విభూతి ఉంటుందని తెలిసి కూడా ఆమె ఒక్క ప్రశ్నా వేయలేదు. బైబిలు, పాటల పుస్తకం, నీళ్ళ సీసా సంచిలో వేసుకుని బయల్దేరింది.

జీపు అరుస్తూనే షెడ్డులోకి వచ్చింది. కామాక్షయ్య బానెట్ ఎత్తి వెతుకుతున్నాడు. బైబిలు తీయడానికి ఆమె సంచి అందుకుంది, ఇంజను అరుపు ఆగింది. కామాక్షయ్య బానెట్ పక్కనుంచి తొంగి చూశాడు. సంచి అంతదాకా వేలాడింది చేతి యాక్సిలరేటర్ పిడికి. కాలు పెట్టకుండా వేగం పెంచడానికి వెనకటి జీపుల్లో ఉండే పిడి అది. దాని పట్టు ఎప్పుడో అరిగిపోయింది, లాగి వదిలితే వెనక్కి పోతుంది కాబట్టి పనికిరానిదని అందరూ మరిచిపోయారు. పైగా వంగిపోయి కిందికి చూస్తోంది. సంచి బరువుకు కిందికి దిగుతోంది, తీస్తే పైకి పోతోంది.

"నువ్వే చెప్పు," అని గొణిగాడు కామాక్షయ్య.

"నువ్వు చెప్పన్నా, నీకు పున్యముంటాది."

"నాకింకా ఆయమ్మ సూదులు గుర్తుండాయి రా!"

ప్రార్థన ముగిసింది. "బలే ఫలించిందమ్మా, చూడండి ఎట్టా అణిగిందో," అన్నాడు కామాక్షయ్య చేతులు జోడించి. "స్తోత్రం," అంది మగ్దలీనమ్మ గంభీరంగా. ఎక్కి కూర్చుని, సంచిని మళ్ళీ అదే పిడికి తగిలించింది.

దారి పొడుగునా జీపు అరిచింది. హెన్రీ నోరు తెరవడం, మూయడం, ఉప్పు పండించే కయ్యల దాకా ఇదే పని.

"ప్రార్థనకీ తగ్గలా. శివశంకర్‌కి ఫోన్ చెయ్యి అల్లుడూ, సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే వచ్చి తీసకపొమ్మను," అంది ఆమె.

హెన్రీకి కళ్ళ ముందు ఇసుక, చేపల పెట్టెలు, ఖాళీగా కూర్చున్న తను కనిపించాయి. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. బండి ఆపేశాడు.

"ఆ సంచి తియ్యండి అత్తమ్మా! తీసి ఒళ్ళో పెట్టుకోండి! బండికేం రోగం లేదు, మీ సంచికే!"

అనేశాక పై ప్రాణాలు పైనే పోయాయి. మగ్దలీనమ్మ నెమ్మదిగా సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంజను అణిగింది. ఆమె అల్లుడి వైపు తిరిగింది. ఆ కళ్ళలో కోపం లేదు.

"ఎన్ని నెలలు పట్టిందబ్బయా నీకు!"

"మీకు... తెలుసా?"

"తెలీకేం? మీ మామ ఉన్నన్నాళ్ళూ ఈ సంచి పిడికి తగిలించొద్దని నామీద అరవని రోజు లేదు. ఆయన పోయినాక అందరూ అమ్మా అమ్మా అని తలొంచుకోని పొయ్యేవాళ్ళే, నన్నొక మాట అనేవాళ్ళే లేరు. బండి అమ్ముతానంటే అన్నా నీ నోరు పెగుల్తాదేమోనని చూసినా."

ఆమె ఫోన్ తీసి శివశంకర్‌కి కలిపింది. బండి ఇవ్వడం లేదని, అల్లుడు ఒప్పుకోవడం లేదని చెప్పి పెట్టేసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, సంచిని మళ్ళీ పిడికి తగిలించింది. జీపు గొంతెత్తింది.

"ఊఁ, ఇంకోసారి అను హెన్రీ," అంది. "ఈసారి ఆ 'అండి' లేకుండా."