గోడ అవతల నాలుగు తీగలు

బేస్ గిటార్ అంత బరువుంటుందని దాన్ని భుజాన వేసుకుని నడిచేదాకా అక్కకు తెలియదు. బస్సు దిగి సందు మలుపు తిరిగేసరికి భుజం పట్టేసింది. తమ్ముడు ఇదే బరువుతో మూడంతస్తుల మెట్లు ఎక్కి వచ్చి, చెప్పులు విడవకముందే "ఆకలేస్తోందక్కా" అనేవాడు. బరువు మాట ఏనాడూ ఎత్తలేదు.

సందు చివర, సైకిళ్ళ దుకాణం పక్కన ఒక ఇరుకు గది. గిటార్లు బాగుచేసే మేస్త్రిది. ఆదివారం మధ్యాహ్నం బేస్ పిచ్చివాళ్ళంతా అక్కడ చేరతారని తమ్ముడు చెప్పేవాడు. అంతా అంటే నలుగురు. ఇప్పుడు ముగ్గురు. ఆదివారం చెయ్యి కడుక్కోగానే వాడికి కాలు నిలిచేది కాదు. "అంతసేపు ఏం మాట్లాడుకుంటార్రా?" అని అడిగితే, "తీగల గురించి అక్కా" అనేవాడు. ఉన్నవే నాలుగు తీగలు. ఏళ్ళ తరబడి మాట్లాడుకోవడానికి వాటిలో ఏముందో ఆమెకు అంతుపట్టేది కాదు.

ఆమె గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల గొడవ జోరుగా సాగుతోంది.

"శబ్దమంతా వేళ్ళల్లోనే ఉంటుంది సార్. చీపురుకట్టకు తీగ కట్టి ఇవ్వండి, అందులోనూ నా శబ్దమే వస్తుంది" అంటున్నాడు ఒక బక్కపలచటి మనిషి. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటి మీద బస్సు డ్రైవరు చొక్కా.

"అయితే చీపురుతోనే కచేరీ చేసుకో. మొన్న నా ఆంప్ స్పీకరు పెట్టె ఎందుకు ఎత్తుకుపోయావు?" అన్నాడు ఎదుటి స్టూలు మీదున్నాయన. ఆయన పళ్ళ డాక్టరు. ఇంట్లో గోడ నిండా బేస్‌లున్నాయనీ, వాటిని తుడవడమే తప్ప వాయించడనీ తమ్ముడు నవ్వుతూ చెప్పేవాడు.

"అది వేరే సంగతి."

"నా దగ్గరికి పన్ను నొప్పితో వచ్చేవాళ్ళూ ఇదే మాట. మిఠాయిలు తింటారా అంటే, అది వేరే సంగతంటారు."

బల్ల మీద గిటార్ మెడను ఒక కన్ను మూసి చూస్తున్న మేస్త్రి తల ఎత్తకుండానే అన్నాడు. "వేళ్ళూ కాదు, పెట్టెలూ కాదు. తీగ పాతబడాలి. కొత్త తీగ కంచం మీద చెంచా పడ్డట్టు గణగణలాడుతుంది. వేళ్ళ జిడ్డు పట్టీ పట్టీ, మెరుపు చచ్చి, అప్పుడు గానీ 'ధుమ్' అనదు. మన నిదానాన్ని చూడండి, ఎనిమిదేళ్ళుగా ఒక్క తీగైనా మార్చ..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది. గుమ్మంలో ఆమెనూ, ఆమె భుజాన వేలాడుతున్న నల్ల సంచినీ ముగ్గురూ చూశారు.

నిదానం అంటే తమ్ముడే. పది స్వరాలు వాయించే చోట మూడు వాయించి ఊరుకుంటాడని ఆ పేరు పెట్టారు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. మూడు నెలల కిందట ఒకరోజు పొద్దున్నే పనికి బయలుదేరి, బస్టాపులో కూర్చుని, ఇక లేవలేదు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి గుండె అలా ఆగుతుందా అని ఆమె ఆసుపత్రి డాక్టరుని అడిగింది. ఆగుతుందమ్మా అన్నాడాయన. 

డ్రైవరు లేచి స్టూలు జరిపాడు. "కూర్చోండక్కా. చెప్పి పంపితే మేమే వచ్చేవాళ్ళం కదా."

"అమ్మడానికి తెచ్చావా తల్లీ?" అని మెల్లగా అడిగాడు మేస్త్రి.

"కాదండీ." సంచిని ఒళ్ళో పెట్టుకుంది.  "వాడి శబ్దం ఒక్కసారి వినాలనిపించింది. వాడు వాయించిన బ్యాండు వీడియోలు ఫోనులో అన్నీ పెట్టి చూశాను. పాట వినబడుతోంది, డ్రమ్ములు వినబడుతున్నాయి, ఎవరో దగ్గడం కూడా వినబడింది. వాడొక్కడు వినబడడం లేదు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బేస్ వాయించేవాడు ఎవరికీ వినబడడని తమలో తాము ఎన్నోసార్లు వేసుకున్న జోకే అది. ఇప్పుడెవరికీ నవ్వు రాలేదు.

"ఫోను స్పీకరు గోరంత ఉంటుందక్కగారూ. బేస్ అందులో పట్టదు" అన్నాడు పళ్ళ డాక్టరు. "పెద్ద స్పీకరు పెట్టినా లాభం లేదు. ఫోనుతో తీసినప్పుడే జారిపోతుంది."

"పోయిందంటారా?"

"అసలు ఎక్కలేదు."

ఆమె తల ఊపింది. ఇన్ని వీడియోల్లో వాడు నిలబడి ఉన్నాడు, వేళ్ళు కదులుతున్నాయి, చిరునవ్వు కూడా ఉంది. శబ్దం ఒక్కటే లేదు. ఇన్నేళ్ళూ ఆమె ఎరిగిందేమో ఆ శబ్దమే. వాడు వాయిస్తుండగా ఎదురుగా కూర్చుని చూసింది చాలా తక్కువ. కళ్ళద్దాల దుకాణంలో పని ముగించుకుని వచ్చి, ఆమె వంటింట్లో దూరేది. పక్కగదిలో తలుపేసుకుని వాడు వాయించేవాడు. వంట అయ్యాక ఆమె గోడ మీద వేలిముడులతో రెండుసార్లు కొట్టేది. అవతలి నుంచి రెండు స్వరాలు వచ్చేవి, ఒకటి అడుగున, ఒకటి పైన. వస్తున్నానని అర్థం. వెంటనే వచ్చేవాడు కాదు, అది వేరే సంగతి.

"ఇదుగో ఇది ఉంది కదా, దీంట్లోంచి వస్తుందేమోనని తెచ్చాను" అంది సంచి మీద చెయ్యి వేసి.

మేస్త్రి చేతులు తుడుచుకుని సంచి అందుకున్నాడు. జిప్పు తీయగానే పైనున్న దీపం వెలుగు చెక్క మీద పడి కళ్ళు జిగేల్మన్నాయి.  మేస్త్రి తీగల మీద బొటనవేలు పోనిచ్చాడు. ఆ వేలును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"తుడిచావా తల్లీ?"

"ఆఁ. మురికిగా ఉంటే మీరేమనుకుంటారోనని. కళ్ళద్దాలు తుడిచే మందుంటుంది మా దుకాణంలో. దాంతో శుభ్రంగా, ఒక్కో తీగా..."

చెబుతూ చెబుతూ ఉండగానే, గుమ్మంలో విన్న మాటలు ఆమెకు గుర్తొచ్చాయి. వేళ్ళ జిడ్డు పట్టీ పట్టీ.  రోజంతా అద్దాల మీది మరకలు తుడిచే చెయ్యి ఆమెది. మరక కనబడితే ఊరుకోదు. ఎనిమిదేళ్ళుగా పట్టిన వాడి వేళ్ళ జాడను ఒక సాయంత్రం కూర్చుని, తెల్లగుడ్డతో, ఎంతో ప్రేమగా తుడిచేసింది.

"ఏం ఫరవాలేదు. తీగ లోపలికి దిగింది అంత తొందరగా పోదు" అన్నాడు పళ్ళ డాక్టరు. ఆయన గొంతు రోగికి సూది గుచ్చే ముందు ధైర్యం చెప్పే గొంతులా ఉంది.

మేస్త్రి ఆ మాట పట్టించుకోలేదు. గిటార్ కింది భాగంలో, తీగలు బిగించి ఉన్న చోట, వాటి అడుగున వేలు పెట్టి వెతుకుతున్నాడు. "ఇక్కడో ముక్క ఉండాలే."

"ఏం ముక్క?"

"స్పాంజి ముక్క. తీగల కింద దోపుకునేవాడు. అది ఉంటే స్వరం సాగదు. ధుమ్మని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. వాడి గుట్టంతా అదే."

"పసుప్పచ్చగా, ఒకవైపు ఆకుపచ్చ పీచు..." అంది అక్క.

"అదే, అదే!"

"చెత్త ఇరుక్కుందనుకుని పారేశాను."

 పక్క దుకాణంలో ఎవరో సైకిలు చక్రం తిప్పుతున్నారు. ఆమె ఉన్నట్టుండి నవ్వింది. నవ్వు ఆగక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అది నా గిన్నెలు తోమే స్పాంజి. కొత్తది తెచ్చినప్పుడల్లా ఒక అంచు మాయమయ్యేది. ఎలుకేమో అంటే, ఎలుకే అక్కా, పెద్ద ఎలుక, అనేవాడు. బోను కూడా కొన్నాను. పొద్దున లేచి చూస్తే బోనులో స్పాంజి ముక్క పెట్టి ఉంది. ఎలుకకి ఇష్టం కదా అన్నాడు."

డ్రైవరు నవ్వుతూనే మొహం అటు తిప్పుకున్నాడు.

"ఆంప్ ఏది?" అన్నాడు మేస్త్రి కొంతసేపటికి.

"వాడి గదిలోనే ఉంది."

"దాని మీది నాబ్‌లు..."

"ముట్టుకోలేదండీ. కరెంటు వస్తువంటే నాకు భయం. దుమ్ము కూడా దులపలేదు."

"బతికించావు తల్లీ. పదండి" అంటూ మేస్త్రి దుకాణం తలుపు లాగి మూశాడు.

పళ్ళ డాక్టరు కారులో నలుగురూ ఇల్లు చేరారు. మూడంతస్తులూ గిటార్‌ను డ్రైవరే మోశాడు. తమ్ముడి గదిలో మంచం, చిన్న బల్ల, మూల ఆంప్. మంచం మీద దుప్పటి మడత నలగలేదు. ఆంప్ నాబ్‌లు ఎక్కడ తిప్పి ఉంచాలో వాడు గోళ్ళరంగుతో చుక్కలు పెట్టుకున్నాడు. ఆ రంగు కూడా తనదేనని అక్కకు ఇప్పుడే తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి కొత్త స్పాంజి తెచ్చింది. మేస్త్రి కత్తెరకు చెయ్యి చాస్తే ఇవ్వలేదు. "ఎంత మందం?" అని అడిగి తనే కోసింది. ఈ ఇంట్లో స్పాంజిని ఆమె చేతులతో కోయడం అదే మొదలు.

డ్రైవరు మంచం అంచున కూర్చుని, తమ్ముడు చెయ్యి ఊరుకోనప్పుడల్లా వాయించే వరస ఎత్తుకున్నాడు. మూడు స్వరాలు, ఒక ఖాళీ, మళ్ళీ రెండు. చాలా సాదా వరస.

అక్క కళ్ళు మూసుకుని విన్నది. తీగ మీద వేలు రాసుకుంటోంది. గోరు తగులుతోంది. శబ్దం మరీ దగ్గరగా, మరీ విడివిడిగా ఉంది. ఎవరో కొత్త మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నువ్వు తొందరపడుతున్నావు. వాడు నీలా సిగ్నల్ పడుతుందని పరిగెత్తేవాడు కాదు" అన్నాడు పళ్ళ డాక్టరు.

"మీరు వాయించండి సార్ అయితే."

ఆయన వాయించాడు. తరవాత మేస్త్రి వాయించాడు. స్పాంజిని కొంచెం జరిపారు, గోడ వైపుకు ఆంప్ తిప్పారు, చూపుడు వేలా మధ్య వేలా అని గుసగుసగా వాదించుకున్నారు. ఎవరు వాయిస్తే వాళ్ళ శబ్దమే వస్తోంది. ముగ్గురికీ అది తెలుస్తోంది.  డ్రైవరు అయితే, వేళ్ళల్లోనే ఉంటుందని ఇందాక తను అన్న మాటకే తల దించుకుని కూర్చున్నాడు.

"నాదే పొరపాటు" అంది అక్క చివరికి, డ్రైవరు వైపు తిరిగి. "నేను ఈ గదిలో ఎప్పుడు విన్నాను గనక? తలుపేసుకుని వాయించు బాబూ. ఆపకు."

వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పక్కన, తను ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. గది తలుపూ వంటింటి తలుపూ వేసి ఉన్నాయి.

మొదట ఏమీ లేదు. తరవాత గోడలోంచి వచ్చింది. వేలి రాపిడి లేదు, గోరు లేదు, అంచులన్నీ గోడ మింగేసింది. అడుగు మాత్రమే మిగిలింది. మూడు స్వరాలు, ఒక ఖాళీ, రెండు. అయిదో స్వరం పడ్డప్పుడల్లా అరలో స్టీలు డబ్బా మూత 'జిర్'మనేది ఇదివరకు. ఇప్పుడూ అన్నది. ఆ మూత సరిగ్గా పెట్టమని ఎన్నిసార్లు విసుక్కుందో.

వాడు ఉన్నాడు. పక్కగదిలో, మంచం అంచున, ఒక కాలు మడిచి, కింది పెదవి పంటితో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె అరచేయి గోడకు ఆనించింది. సున్నం చల్లగా ఉంది, లోపల సన్నగా అదురుతోంది. ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు. మూడు నెలలుగా ఎక్కడో బిగించి కట్టిన ముడి వదులైంది. కళ్ళ నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోలేదు.

అలవాటుపడిన చెయ్యి దాని పని అది చేసింది. వేలిముడులతో గోడ మీద రెండుసార్లు కొట్టింది.

శబ్దం ఆగిపోయింది.

ఆమె ఊపిరి బిగబట్టింది. అడుగున ఒకటి, పైన ఒకటి. రెండే రెండు స్వరాలు రావాలి. రాలేదు. అరలో మూత కదలలేదు. కుళాయి నుంచి ఒక చుక్క తొట్టిలో పడింది. తరవాత అడుగుల చప్పుడు, తలుపు గడియ చప్పుడు.

డ్రైవరు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "సౌండు ఎక్కువైందా అక్కా?"

ఆమె మొహం కొంగుతో ఒత్తుకుంది. "లేదు బాబూ. భోజనానికి పిలుద్దామని కొట్టాను."

డ్రైవరు పొయ్యి వైపు చూశాడు. పొయ్యి మీద ఏమీ లేదు. గట్టు మీద గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. అతను ఆ గిన్నెలనూ, ఆమె చేతినీ, ఆ చెయ్యి ఇంకా ఆనుకుని ఉన్న గోడనూ చూశాడు. 

"అయితే వంటయ్యేదాకా వాయిస్తూ ఉంటానక్కా" అని వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మళ్ళీ మూడు స్వరాలు, ఒక ఖాళీ, రెండు. అక్క దీపం వేసింది. నలుగురికి సరిపడా గిన్నె కడిగి పొయ్యి మీద పెట్టింది. అవతల మేస్త్రి ఏదో అంటున్నాడు, పళ్ళ డాక్టరు కాదంటున్నాడు, తీగల గురించే అయి ఉంటుంది. ఆమె వింటూ వంట చేసింది.

వంట అయ్యాక ఈసారి గోడ కొట్టలేదు. వసారా దాటి, మూసి ఉన్న తలుపు దాకా నడిచి వెళ్ళి, నోటితో పిలిచింది.