తుడిస్తే పోయిన మచ్చ

ఎంత ఎత్తు నిచ్చెనైనా చకచకా ఎక్కేసే రంగుల మేస్త్రీకి సూది పేరు చెబితే చాలు, కాళ్లూ చేతులూ ఆడవు. అలాంటివాడి భుజం వెనక ఒక నల్లమచ్చ కొన్నాళ్లుగా పెరుగుతూ వస్తోంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే గానీ అది మంచిదో చెడ్డదో తేలదని డాక్టరమ్మ చెప్పింది. చెడ్డదంటే ఏమిటో ఆవిడ చెప్పలేదు, అతనూ అడగలేదు. క్యాన్సరన్న మాట మాత్రం అతని బుర్రలో కాపురం పెట్టేసింది.

తోడుగా అక్క వచ్చింది. అలాంటిలాంటి అక్క కాదు, ఆస్పత్రికెళ్లి డాక్టర్లకే సలహాలు చెప్పే రకం.

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే. దానికింత బిక్కమొహం దేనికిరా?"

"కుట్టించుకునేది నువ్వు కాదుగా!"

మేస్త్రీ చొక్కా విప్పి బల్ల మీద బోర్లా పడుకున్నాడు. మచ్చ ఎక్కడని నర్సు అడగడమే ఆలస్యం, అక్క వేలు పెట్టి చూపించింది. నర్సు అక్కడ స్పిరిట్ దూదితో గట్టిగా తుడిచింది. మచ్చ కాస్తా మాయమైపోయింది.

"అయ్యో, పోయిందే!" అక్క నోరు తెరిచింది.

నర్సు దూది తిప్పి చూసింది. "ఇది మచ్చ కాదండీ. ఏదో రంగు."

"నిన్న తలుపులకి కొట్టిన పాలిష్ అయ్యుంటుంది," అన్నాడు మేస్త్రీ, సగం లేచి కూచుంటూ. "అయితే ఇంక ఇంటికెళ్లిపోవచ్చా?"

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. "అసలుది ఇంకో రెండంగుళాలు కిందుంది. పడుకోండి." పెన్నుతో అసలు మచ్చ చుట్టూ సున్నా చుట్టింది. "ఇప్పుడు సూది. కాసేపు మండుతుంది, తర్వాత మొద్దుబారిపోతుంది."

మండింది. మేస్త్రీ అక్క చెయ్యి పట్టుకుని నలిపేశాడు. ఆ తర్వాత డాక్టరమ్మ గుండ్రటి చిన్న కత్తితో నొక్కి తిప్పుతున్నట్టు తెలిసిందే గానీ, నొప్పన్నది లేదు. బియ్యపుగింజంత ముక్క సీసాలోకి వెళ్లింది. రెండు కుట్లు పడ్డాయి, పైన పట్టీ వేశారు.

"ఎప్పుడు మొదలెడతారండీ?" అన్నాడు మేస్త్రీ.

"అయిపోయింది, లేవండి! రేపటిదాకా తడపొద్దు. కుట్లు విప్పేదాకా నిచ్చెన జోలికెళ్లొద్దు. రిపోర్టు వారంలో వస్తుంది."

ఆ వారం ఎలా గడిచిందో మేస్త్రీకే తెలియాలి. అక్క మాత్రం రోజూ వచ్చి, పాలిష్ మచ్చ కథ ఇరుగుపొరుగులకు చెప్పి, అందర్నీ నవ్వించి పోయేది. ఈ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదే అని అతనికి లోపల ఉక్రోషంగా ఉండేది.

డాక్టరమ్మ ఫోను చేసేసరికి అక్క పక్కనే ఉంది. "మామూలు మచ్చేనండీ. భయపడాల్సిందేమీ లేదు," అంది ఆవిడ. మేస్త్రీ ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. ఒళ్లంతా తేలికైపోయింది. సంతోషం పట్టలేక గదిలో గిరగిరా తిరిగాడు.

"విన్నావా అక్కా!" అని చూస్తే, అక్క గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"బాగానే ఉందన్నారుగా, ఇప్పుడెందుకే ఏడుపు?" అంటూ దగ్గరికెళ్లాడు.

అక్క అతని చొక్కా గుప్పిట్లో పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"ఒరేయ్, నాకంటే ముందు పోయావంటే చంపేస్తాను, ఏమనుకున్నావో!"