ఎడమ పక్క నేసిన మాటలు

కొత్తవాడల పొద్దుగాల లేస్తె మొదలు వినొచ్చేది కోడికూత కాదు, కట్టె సప్పుడు. ఇంటింటి ముందట తాడు మీద జంపఖానాలు ఏసి దులుపుతాంటరు. దుమ్ము రాల్తది, నూలు పీసు రాల్తది, వాటెంబడి మాటలు గూడ రాల్తయి. నేసేటప్పుడు మగ్గం మీద మాట్లాడుకున్న ముచ్చట్లు పోగుల నడుమ చిక్కుకుంటయి గదా, దులిపితె అవ్వే బయటికొస్తయి. అందుకనే ఆ వాడోళ్ళు మసీదుకు నేసేటప్పుడు నోరు మూసుకొని నేస్తరు, పెండ్లికిచ్చేదైతె మంచి మాటలే చెప్పుకుంట నేస్తరు. ఒకపారి మేకపోతు కోసం కొట్లాడుకుంట నేసిన జంపఖానాను సంఘం మీటింగుకు పరిసిండ్రు. మీటింగు అయినంక దులిపితె అధ్యక్షులవారి ముందటనే బూతులు గలగల రాలినయి. ఆయన కండ్లద్దాలు తుడుసుకొని ఎల్లిపోయిండు, ఇంకేం జేస్తడు.

రాలిన మాట రాలిందే, మళ్ళ రాదు. ఇంకో కట్టుబాటు గూడ ఉన్నది. మగ్గం మీద ఊ అన్నరంటె ఆ మాట మీద ఉండాలె. ఎదురింటి సోమక్క బిడ్డ సంబంధం గట్లనే ఖాయమైంది. పిలగాని తండ్రి తర్వాత నేనెప్పుడన్న అని అడ్డం తిరిగితె, పెద్దమనుషులు ఆ జంపఖానా తెప్పిచ్చి నాలుగు దెబ్బలేసిండ్రు. ఆయన ఊ ఆయన కాళ్ళ కాడనే పడ్డది. పెండ్లి అయింది. ఇప్పుడు ముగ్గురు పిల్లలు.

కరోనా రెండోపారి వచ్చిన ఎండకాలం కొత్తవాడల కట్టె సప్పుడు ఆగిపోయింది. తుమ్మితె భయం, దగ్గితె భయం, దుమ్ము లేపుడెందుకని ఎవలు దులుపుతలేరు. ఆ సప్పుడు లేని పగటిపూట మొగిలమ్మ మగ్గపు అర్రల ఒక్కతే పండుకొని, ఇంటికప్పు మీది బల్లిని చూస్తాంది. అర్వై ఐదేండ్ల మనిషి. ఆమెకు పాజిటివ్ అని చెప్పి తొమ్మిది రోజులైంది. అంతకు ముందు వారమే ఆమె ఇంటాయన రాజమల్లు పోయిండు. అంబులెన్సు ఎక్కేటప్పుడు చెయ్యి ఊపిండు, గంతే. మళ్ళ మొకం చూసింది లేదు. దవాఖాన నుంచి అటే తీసుకపోయిండ్రు.

ఇంట్ల ఉన్నయి రెండు అర్రలు. ఒకదాంట్ల కొడుకు భానుచందర్, కోడలు వరలక్ష్మి, పిల్లలు. రెండో అర్ర గుంత మగ్గానిది. వేరే జాగ లేక మొగిలమ్మ మంచం మగ్గం పక్కనే ఏసిండ్రు. మగ్గం మీద మొగుడు పెండ్లాలు నేస్తాన్న జంపఖానా సగంల ఆగి ఉన్నది, ఎర్ర పట్టీ, నీలం పట్టీ. ఇద్దరు కూసునే పలక మీద రెండు పాత సంచులు మడతవెట్టి ఉన్నయి. ఎడమ పక్కది రాజమల్లుది, కుడి పక్కది ఆమెది.

మూడు పూటలు వరలక్ష్మి తలుపు కాడ గిన్నె పెట్టి, దూరం జరిగి అడుగుతది.

"అత్తమ్మా, జావ తాగినవా?"

"తాగిన బిడ్డా."

"మిషిని ఎంత చూపిత్తాంది?"

"తొంభై ఐదు."

రెండూ అబద్ధమే. జావ కిటికీలకెల్లి కాకులకు పోతాంది. వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మిషిని మీద మొన్న తొంభై, నిన్న ఎనభై తొమ్మిది, ఇయ్యాల ఎనభై ఏడు. తొంభై కిందికి దిగితె ఆగకుండ దవాఖానకు తోలుకరండ్రి అని డాక్టరు ఫోన్ల గట్టిగ చెప్పిండు. వేలాది పోగులు తప్పులేకుంట లెక్కవెట్టిన మనిషికి తొంభై కింద ఏముంటదో తెల్వదా. తెలిసే చెప్తలేదు. నాలుగు రోజులు నోరు మూసుకుంటె ఆయన పోయిన తొవ్వనే పోవచ్చని ఆమె ఆలోచన. ఆమెకు బతుకు మీద మనసు ఇరిగిపోయింది. దానికి కారణం ఆయన పోవుడొక్కటే కాదు.

ఆయనకు జరం వచ్చే ముందురోజు ఇద్దరు నేస్తాన్నరు. హసన్‌పర్తిల సోపతిగాని దినాలకు మాస్కు లేకుంట పోయి వచ్చిండని మొగిలమ్మకు ఒళ్ళు మండింది. "నీ పానం మీద నీకే తీపి లేకపాయె. పోతే పో. నాకు పీడ వోతది" అన్నది. ఆలుమగల కొట్లాట అద్దం మీద ఆవగింజ నిలిచినంత సేపే అంటరు. కని ఆ ఆవగింజ ఈసారి జారలేదు. ఆ మాటకు రాజమల్లు ఏందో జవాబు చెప్పిండు, జర పొడుగ్గనే చెప్పిండు. ఆమె పోగులు లెక్కవెట్టుకుంట తలకాయ ఊపింది. ఏం చెప్పిండో ఆమెకు వినవడలేదు. ఆమెకు ఎడమ చెవి వినరాదు.

చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆ చెవి పోయింది. పెండ్లిచూపులప్పుడు తల్లి చెప్పింది, "మాటకు మాట అనకు, అడిగితె ఊ అను, చెవి సంగతి దాసిపెట్టు" అని. అత్తగారింటికి వచ్చిన మూడోనాడు మామ ఆమెను మగ్గం కుడి పక్కన కూసోవెట్టిండు. అటు తలుపు ఉంటది, పొయ్యి మీద పాలు పొంగితె కోడలు లేసి ఉరకాలె గదా. కొడుకు రాజమల్లు ఎడమ పక్కన కూసున్నడు. గంతే. నలభై ఆరేండ్లు గదే జాగ. పేక మీద దువ్వెన లాంటి ఇనుప పంజాతోని దబదబ కొట్టుకుంట రాజమల్లు ఆమె చెవిటి పక్కన మాట్లాడుతనే ఉన్నడు, ఆమె ఊ అంటనే ఉన్నది. చెవిటోని ముందట శంఖం ఊదినట్టు. ఇప్పుడు జాగ మారుతనంటె ఎందుకంటరు, ఎందుకంటె చెప్పాలె, చెప్తె మోసం జేసి పెండ్లి జేసుకున్నవంటరు. ఒక ఏడు ఆగుదాం, ఒక ఏడు ఆగుదామని నలభై ఆరేండ్లు గడిచినయి. ఈ సంగతి ఎరిగింది సోమక్క ఒక్కతే.

సోమక్క గూడ ఎదురింటి మీది అర్రల కరోనాతోనే ఉన్నది. జరం తగ్గింది గని ఇంకా కిందికి దిగనిస్తలేరు. మాపటీలి ఎండ జరిగినంక రెండు కిటికీలు తెరుచుకుంటయి, నడుమ సందు.

"తిన్నవానే మొగిలీ?"

"తిన్న."

"కాకులు నీ కిటికీ ఇడిసిపెడ్తలేవు. ఏం తిన్నవో కాకులను అడుగుతనా?"

మొగిలమ్మ కిటికీ చువ్వ పట్టుకొని నిలవడ్డది. మాట్లాడితె దమ్ము వస్తాంది.

"నీ పక్కన మగ్గం మీద ఆయన నేసిన జంపఖానా ఉన్నది," అన్నది సోమక్క. "ఓపారి దులుపరాదు."

"భయమైతాందక్కా. పీడ వోతది అన్న. దానికి ఆయన ఏమన్నడో. తిట్టినా పడుదును. ఏడ్సుకుంట అన్నడనుకో, నేనెట్ల వినాలె? ఇంకోటి, విన్ననంటె అయిపోతది. ఇగ ఆయన మాట ఏది మిగులది."

 సోమక్క చెంగుతోని మూతి తుడుసుకొని చెప్పింది.

"నేనూ గట్లనే దాసిపెట్టిన. మా ఆయన పోయినంక ఆయన నేసిన ఆఖరుది పెట్టెల పెట్టిన. ఇయ్యాల వింట, రేపు వింట అని తొమ్మిదేండ్లు. నా కొడుకు నాకు చెప్పకుంట టెంటుహౌసోళ్ళకు ఇచ్చిండు. వాళ్ళు డోర్నకల్‌ల ఎవల్దో పెండ్లికి పరిసి, అయినంక దులిపిండ్రు. నా మొగని మాటలు ఆడ రాలిపోయినయి మొగిలీ. బ్యాండు సప్పుడుల ఎవడన్న విన్నడో లేదో. తిట్టిండో, పిలిసిండో, ఉప్పు తక్కువైందన్నడో, నాకు తెల్వకనే పోత. ఇంత బతుకు బతికి ఏం దాసుకున్నమే మనం? నువ్వు చెవి దాస్తివి, నేను జంపఖానా దాస్తిని. దాసినయి ఏవన్న అక్కెరకొచ్చినయా?"

మొగిలమ్మ కిటికీ మూసింది. మంచం మీద కూసున్నది. మిషిని వేలికి పెట్టుకున్నది. ఎనభై ఆరు. ఇగ ఎట్లయినా పోయేదే గదా, ఆయన తిట్టిందో ఏడ్సిందో విని పోదాం, అనుకున్నది. పోతనని అనుకుంటెనే ధైర్యం వచ్చింది ఆమెకు.

గోడ పట్టుకుంట పోయి గుంతల కాళ్ళు వెట్టి తన జాగల కూసున్నది. రెండడుగులకే ఎద ఎగవోసింది. కట్టె ఎత్తే ఓపిక యాడిది, అరచేతితోనే నేసిన బట్ట మీద కొట్టింది. మొదలు సన్నగ నూలు పీసు లేసింది. దాని ఎంబడి కూరగాయల బండోడు టమాట టమాట అన్నడు. రేడియోల వార్తలొచ్చినయి. ఇంకోపారి కొట్టింది. మనుమరాలు చాక్లెట్ కావాలని ఏడ్సింది. ఇంకోటి కొడితె ఆమె గొంతే ఆమె మొకానికి తగిలింది. పోతే పో. నాకు పీడ వోతది. ఎంత కటువుగ ఉన్నది ఆ గొంతు. కండ్లు మూసుకొని మళ్ళ కొట్టింది.

రాజమల్లు దగ్గిండు. చుట్ట తాగేటోని దగ్గు, గొంతు సవరిచ్చుకున్నడు. మాటలు ఆమె కుడి పక్కకే రాలినయి, మంచి చెవి పక్కకు.

"కోపానికొస్తివి గని, నేను లేకుంటె నువ్వు ఒక్క పూట తినవని నాకెరుక. నీకు ఈ చెవి వినరాదని గూడ ఎరుక. పెండ్లయిన పదోనాడే కనిపెట్టిన. పాము పామని నీ ఈ పక్కకెల్లి మెల్లగ చెప్పిన, నువ్వు తిరగకపోతివి. ఎందుకు అడగలేదంటవా? అడిగితె నీకు సిన్నతనం. ఇంకో సంగతి ఉన్నదే. నాకు మొకం మీద మాట చెప్పరాదు, సిగ్గు. ఈ పక్కకు చెప్పుకుంటె నువ్వు వినవు, నా కడుపు తేలికైతది. నలభై ఆరేండ్లు గట్లనే ఎల్లిపోయింది. నీ చేతి పులుసు బాగుంటదని వెయ్యిసార్లు చెప్పిన, నువ్వు వెయ్యిసార్లు ఊ అన్నవు."

నవ్విండు. పంజా సప్పుడు నాలుగైదు దెబ్బలు వినవడ్డది.

"గాలి మంచిగ లేదు మొగిలీ. నేను ముందుగాల పోయినననుకో, నా యెంబడే బయలెల్లకు. ఈ జంపఖానా నేసుడు అయినంక అంచు నువ్వే కట్టాలె. అంచు కట్టేదాక ఉండాలె. ఉంటవా?"

మొగిలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇగ చాలనుకున్నది. కని చెయ్యి దానంతట అదే ఇంకోపారి తగిలింది, మెల్లగ.

"ఊ," అన్నది మొగిలమ్మ గొంతు పోగుల నడుమకెల్లి. పోగులు లెక్కవెట్టుకుంట, పరాకుగ, కోపంగ అన్న ఊ.

ఆమె పలక మీద కూలవడి ఏడ్సింది. ఆయన పోయిన నాడు గూడ గట్ల ఏడ్వలేదు. ఏడ్సి, కొంగుతోని మొకం తుడుసుకొని, కోడలిని పిలిచింది.

"వరలక్ష్మీ. ఎనభై ఆరు ఉన్నది బిడ్డా. మూడు రోజుల సంది నీకు అబద్ధం చెప్తాన్న. అంబులెన్సుకు ఫోన్ చెయ్యమను భానుకు. ముందుగాల జర జావ తే."

తలుపు అవతల గిన్నె కిందవడ్డ సప్పుడైంది. "ఏమైందత్తమ్మా, ఎందుకు చెప్పలేదు?" అని వరలక్ష్మి ఏడుపు గొంతుతోని అడిగింది.

"తర్వాత చెప్త. ఊ అన్న నేను, ఇగ పోవద్దు," అన్నది మొగిలమ్మ. మగ్గం మీద అన్నవా అని వరలక్ష్మి ఒక్క మాట అడిగింది. అవునంటె ఇగ ఏం అడగకుంట ఫోన్ కోసం ఉరికింది.

దవాఖానల పద్నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నది. పక్క బెడ్డు మీదోళ్ళు ఇద్దరు పోయిండ్రు. డాక్టరు రెండుసార్లు తలకాయ అడ్డం ఊపిండు. భానుచందర్ బయట చెట్టు కింద కూసుండి ఏడుస్తాంటె, వరలక్ష్మి మాత్రం ఫికర్ చెయ్యకు, అత్తమ్మ మగ్గం మీద ఊ అన్నదట అని చెప్పింది. పదిహేనోనాడు మొగిలమ్మ సగం మనిషై ఇంటికొచ్చింది. సోమక్క కిటికీలకెల్లి చూసి, "కాకులు నిన్ను అడిగినయే," అన్నది.

వానలు పడ్డంక మొగిలమ్మ మళ్ళ మగ్గం ఎక్కింది. తన జాగల కాదు, ఎడమ పక్కన, రాజమల్లు సంచి మీద కూసున్నది. కుడి పక్కన వరలక్ష్మిని కూసోమన్నది.

"అటెందుకు కూసున్నవత్తమ్మా?"

"ఎడమ చెవి నాకు వినరాదు బిడ్డా. చిన్నప్పటి సంది."

నలభై ఆరేండ్లు దాసిన మాట గంత అల్కగ బయటికొచ్చింది. వరలక్ష్మి అవునా అన్నది, అని, గ్యాసు అయిపోయిన ముచ్చట ఎత్తుకున్నది. ఆమె చెప్పే ప్రతి మాట మొగిలమ్మకు వినవడ్డది. కోడలు గింత వాగుడుకాయని ఇన్నేండ్లకు తెలిసింది.

ఇది జరిగి ఏండ్లయింది. ఆ జంపఖానా ఇంకా మగ్గం మీదనే ఉన్నది. నిలువు పోగుల పడుగు అయిపోతాంటె మొగిలమ్మ కొత్త పడుగు అతికిచ్చుకుంటది. నేసినకాడికి చుట్ట చుడితె బండెడంత అయింది. అర్ర సగం నిండింది. అడిగినోళ్ళకు ఎదురింటి సోమక్క మగ్గం మీద నేసి ఇస్తాంది గని దీనిమీద రోజుకు నాలుగు వేళ్ళ కంటె ఎక్కువ నెయ్యది.

"అవ్వా, దీని అంచు ఎప్పుడు కడ్తవే?" అని భానుచందర్ అప్పుడప్పుడు అడుగుతడు.

ఆమె వినవడనట్టే ఉంటది. తర్వాత మెల్లగ ఎడమ పక్క గోడకు తిరిగి, మూతి దగ్గరవెట్టి, ఏందో చెప్తది.

"ఏమన్నవత్తమ్మా?" అంటది వరలక్ష్మి.

"నీకు కాదు బిడ్డా. ఆ నీలం పోగు ఇటియ్యి."