కర్సర్ ఎక్కడుందో

"చేతులు తియ్యి మెలిస్! ముందు ఆ చేతులు తియ్యి!"

ఇంజనీరని కూడా చూడకుండా అతని మణికట్టు మీద ఒక్కటి వేశాను. కిందికి వెళ్ళే బాణం బటన్‌ని ఎన్నిసార్లు నొక్కాడో దేవుడికే తెలియాలి.

స్క్రీన్ మీద కర్సర్ మాత్రం ఎనిమిదో లైనులోనే కూర్చుని కన్ను కొడుతోంది. మేం దిద్దాల్సిన ఫైలు ఉన్నది కొండ మీది గుడిసెలోని యంత్రంలో. దానికీ మా కాపలా గదికీ మధ్య రేడియో ఒక్కటే దారి. మేం నొక్కింది అక్కడికి వెంటనే చేరుతుంది కానీ, అక్కడ ఏం జరిగిందో మాకు కనిపించడానికి మంచు రోజుల్లో నిమిషాలు పడుతుంది. మెలిస్‌కి అంత ఓపికేదీ? కదల్లేదని నొక్కాడు, ఇంకా కదల్లేదని మళ్ళీ నొక్కాడు.

కిటికీలోంచి దుర్భిణి పెట్టి చూస్తే కింద మలుపులో తెల్ల వ్యాను. నా తమ్ముడు తొలొగోన్‌ది. కనుమ దిగేముందు ఫోన్ చేసి, "పద్నాలుగు మందిమి ఎజే, టీ పెట్టి ఉంచు" అన్నాడు. ఎజే అంటే మా భాషలో అక్క. ఆ తర్వాత లోయలో సిగ్నల్ ఉండదు. చక్రాలు కూరుకుపోయి, దిగి పారలతో మంచు తోడుతున్నారు. వాళ్ళ నెత్తిన వాలులో, అరగంట కిందట లేని చీలిక ఒకటి కనిపిస్తోంది. వంద మీటర్ల దూరంలో సొరంగం ఉంది. సైరన్ మోగితే అందులోకి పరిగెత్తాలని ఆ దారిన తిరిగే ప్రతివాడికీ తెలుసు. ఆ సైరన్‌ని పోయిన వారం పరీక్ష కోసమని ఆపిన మహానుభావుడు మెలిసే. తిరిగి పెట్టడం మరిచిపోయాడు.

చెయ్యాల్సింది చిన్న పని. ఫైల్లో సైరన్ లైను మొదట్లో ఉన్న సున్నాని ఒకటి చెయ్యాలి. కానీ దాని పై లైను ఫిరంగిది. దారి ఖాళీగా ఉన్నప్పుడు మంచును కావాలని కూల్చే గ్యాసు ఫిరంగి. అక్కడా సున్నాయే ఉంది. పొరపాటున దాన్ని ఒకటి చేశానో, ఆ కొండను నా చేత్తో నేనే తమ్ముడి మీద పడేసినట్టు.

"స్క్రీన్ మీద కనిపించేదాకా ఆగుదాం బురుల్ ఎజే," అన్నాడు మెలిస్.

"ఆ చీలిక ఆగుతుందా నాయనా? వెళ్ళి అడిగి రా."

కుర్చీలోంచి అతన్ని లేపి నేను కూర్చున్నాను. ఇరవయ్యేళ్ళు టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసినదాన్ని. అవతలివాడి మొహం చూసి మాట పంపిన రోజు ఒక్కటీ లేదు. కర్సర్ ఎక్కడుందో తెలియనప్పుడు ఒక్కో మెట్టూ దించకూడదు. లైను నంబరు కొట్టి వెళ్ళమంటే, ఎక్కడున్నా సరే నేరుగా అక్కడికే చేరుతుంది. మాటను వెతికిపెట్టే తెలివి ఫైలు దిద్దే ఆ పాత ఎడిటర్‌కి లేదు. గోడ మీది కాగితంలో సైరన్ లైను నంబరు ముప్ఫై ఒకటి. కొట్టాను. ఒకటి అంకె మీద వేలు పెట్టాను.

మెలిస్ గొంతు సవరించుకున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఏంట్రా?"

"ఎజే... పోయిన వారం... ఫైలు మొదట్లో నా పేరూ తేదీ రాశాను."

"ఎన్ని లైన్లు?"

"ఒకటే."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు ఎజే."

పైన ఒక లైను చేరితే కిందవన్నీ ఒకటి జరుగుతాయి. ముప్ఫై ఒకటిలో ఇప్పుడు ఫిరంగి ఉంది. "నీ పేరు తగలెయ్య! ఎవడడిగాడ్రా నీ పేరు?"

కిందికి ఒక్కసారి నొక్కాను. నొక్కానా? నొక్కాను. స్క్రీన్ మీద ఇంకా ఎనిమిదో లైనే. ఇంకోసారి నొక్కమని వేలు పీకేస్తోంది. ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను. సున్నా మీద ఒకటి కొట్టాను. ఇక సేవ్ చెయ్యాలి. బిస్మిల్లా అని నొక్కేశాను.

ఏ చప్పుడూ లేదు.

ఉన్నట్టుండి కొండ మీద సన్నగా మొదలై లోయంతా ఊళ పెట్టింది. సైరన్! స్క్రీన్ మీద కర్సర్ మాత్రం ఎనిమిదో లైనులోనే తాపీగా కన్ను కొడుతోంది.

దుర్భిణి లాక్కున్నాను. పారలు వదిలేసి పరిగెడుతున్నారు. లెక్కపెట్టాను. పది, పదకొండు, పన్నెండు. వ్యాను వెనకనుంచి పదమూడో ఆకారం బరువుగా నడిచి వస్తోంది.

"పరిగెత్తరా గాడిదా!" అని కిటికీ అద్దాన్ని గుద్దాను.

ఆ ఆకారం సొరంగం నోట్లోకి దూరిందో లేదో, వాలు తెగింది. ఇక రోడ్డు లేదు, వ్యాను లేదు. అంతా తెల్లటి పొడి.

"పదమూడే మెలిస్. ఒకళ్ళు తక్కువ." కుర్చీలో కూలబడ్డాను.

మెలిస్ దుర్భిణి తీసుకున్నాడు. పొడి దిగేదాకా సొరంగం వైపే చూశాడు.

"సొరంగం అవతలి వైపు నుంచి బయటికొస్తున్నారు ఎజే. ఆ చివర వచ్చేది మీ తమ్ముడే. వీపు మీద ఎవరో ముసలమ్మ ఉంది. దించుతున్నాడు."

"లెక్కపెట్టు."

పెట్టాడు. పద్నాలుగన్నాడు. మళ్ళీ పెట్టమన్నాను. రెండోసారీ పద్నాలుగే అన్నాక, అప్పుడు ఏడ్చాను.