తడిగుడ్డ రాసిన మేజ్ పాఠం

తను చూడని ఒక్క నిమిషంలో ఎవరికో ఏదో అయిపోతుందని ఆమెకు భయం. అన్నిటికన్నా పెద్ద భయం అదే. పాప పుట్టి పద్నాలుగు నెలలైంది. ఈ పద్నాలుగు నెలల్లో స్టవ్ ఆపానో లేదో అని గేటు దాకా వెళ్ళి వెనక్కి రాని రోజు లేదు, నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూడని పూట లేదు. “మళ్ళీ మొదలెట్టావా?” అంటాడు భర్త, ఫోను మీంచి తల ఎత్తకుండా. “మేమూ కన్నాం, పెంచాం. ఇలా ఊపిర్లు లెక్కపెడుతూ కూర్చోలేదమ్మా,” అంటుంది అత్తగారు. ఇద్దరూ అన్నది నిజమేనేమోనని ఆమెకూ అనిపిస్తుంది. అమ్మ మంచం పట్టినప్పుడు తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. అప్పట్నుంచీ ఎవరేమన్నా ముందు తనదే తప్పనుకోవడం అలవాటైపోయింది.

అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం, వంటింటి గట్టు తుడిచిన గుడ్డ ఇంకా భుజం మీదే ఉండగా, పడకగదిలో ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టల గుట్ట పక్కన కంప్యూటరు ముందు కూర్చుని ఒక పాఠం రాయడానికి తంటాలు పడుతోంది. ‘కొత్తగా మేజ్ ఆడేవాళ్ళకు’ అని పైన రాసింది. అరగంటగా అక్కడే ఆగిపోయింది.

ఆ కంప్యూటరు మరిదిది. వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికాక కొత్తది కొనుక్కుని పాతది ఇక్కడ వదిలాడు. ఊరికే వదల్లేదు. “వదినా, మధ్యాహ్నం నీకు ఖాళీయే కదా. పాప పడుకున్నాక రోజూ ఓ గంట నా గేములో మూలికలు కోసి పెట్టవా? ఏం లేదు, మొక్క కనబడితే నొక్కడమే. అంట్లు తోమడం కంటే తేలిక,” అన్నాడు. వేలమంది ఒకేసారి ఆడే ఆ గేములో అతని బొమ్మ డాలూ కత్తీ పట్టుకున్న వీరుడు. వీరుడి గాయాలు మానాలంటే మందు కావాలి, మందుకు మూలికలు కావాలి, మూలికలు కోయడానికి వదిన కావాలి. ఇంట్లో పని చాలదన్నట్టు, లేని అడవిలో కూడా ఆకు కోసే పని తనకే వచ్చిందని మొదటిరోజు ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే మూడు వారాలు కోసింది.

ఒకరోజు కోస్తూ ఉంటే తోడేళ్ళ గుంపు చుట్టుముట్టింది. ఆమెకు పోట్లాడటం రాదు. కంగారులో ఇంకో మొక్క నొక్కింది. ఎక్కణ్ణుంచో నిప్పుల వాన కురిసి తోడేళ్ళు మాడిపోయాయి. ఊదారంగు అంగీ తొడుక్కున్న మేజ్ ఒకామె చెట్ల వెనక నుంచి వచ్చింది. మేజ్ అంటే ఆ గేములో మాంత్రికురాలు. ఈమె తల మీద ‘కత్తెర’ అని పేరు రాసుంది.

“తోడేళ్ళు కరుస్తుంటే ఆకులు కోస్తావేంటి?” అని తెర మీద అక్షరాలు పడ్డాయి.

“నాకు పోట్లాట రాదండీ. ఇది మా మరిది బొమ్మ. నేను కోయడానికే,” అని ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది.

అటునుంచి వచ్చింది: “మరి నీ బొమ్మేది?”

ఆ ప్రశ్నను ఆమె సాయంత్రం కూరగాయలు తరుగుతూ కూడా మోసింది. నీదేది అని పెళ్ళయ్యాక ఆమెను ఎవరూ అడగలేదు. మర్నాడు పాప పడుకోగానే గేములో వేరే ఖాతా తెరిచి కొత్త బొమ్మ చేసుకుంది. మేజ్‌నే చేసుకుంది. పేరేమిటని తెర అడిగింది. సొంత పేరు పెట్టడానికి జంకింది. భుజానికి చల్లగా ఏదో తగిలింది. ‘తడిగుడ్డ’ అని కొట్టింది.

అక్కణ్ణుంచి రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బడి మొదలైంది. చెవులకు పెట్టుకునే ఫోన్లు తెమ్మంది కత్తెర. మొదటిసారి గొంతు వినిపించినప్పుడు, ఆ గొంతు వెనక కుట్టుమిషను చప్పుడు కూడా వినిపించింది. బట్టలు కుట్టే మనిషి. ఒక్కతే ఉంటుంది. ఒక మంత్రం పూర్తి కావడానికి రెండు క్షణాలు పడితే, ఆ రెండు క్షణాల్లో గుడ్డ మడత తిప్పి, మళ్ళీ మీట మీదకి వేలు తెచ్చేది. ఏనాడూ కుట్టు తప్పలేదు, మంత్రమూ తప్పలేదు. బట్టలిచ్చేవాళ్ళు మేడ మీదికి వస్తుంటే ఇనప మెట్లు మోగేవి. ఎదురుగా బడి ఉన్నట్టుంది. గంట కొట్టగానే పిల్లలంతా ఒక్కసారి అరిచేవాళ్ళు, ఆమె మిషను ఆపి, “ఆగు, వాళ్ళ రాజ్యం అయిపోనీ,” అనేది. తడిగుడ్డకు ఇంత ఆశ్చర్యం ఎవర్ని చూసీ కలగలేదు, చూడకుండానే కలిగింది.

“మేజ్ ఒంటి మీద నూలుబట్ట తప్ప ఇనుం ఉండదే. రెండు దెబ్బలకు పోతావు. అందుకని వెనకుండు,” అని మొదటి పాఠం. “వెనకుండటం తక్కువేం కాదు. అక్కణ్ణుంచే అందరూ కనిపిస్తారు.” తెర కింద నీలంగీత ఒకటుంటుంది, అది మంత్రాలకు కావలసిన శక్తి, దాన్ని మానా అంటారు. వేసిన ప్రతి మంత్రానికీ అది తరిగిపోతుంది. “అంతా ఖర్చు పెట్టెయ్యకు. మూడోవంతు నీకోసం ఉంచుకో, తప్పించుకునే మంత్రానికి. పోట్లాట అవగానే కూర్చో. కూర్చుని నీళ్ళు తాగు. నిలబడి తాగితే గీత నిండదు.” ఆమె చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. ఈ ఇంట్లో తను నీళ్ళు తాగేది నిలబడే, అదీ కుళాయి దగ్గరే, మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తుండగా. తన నీలంగీత ఎక్కడిదాకా ఉందో ఎవరైనా చూశారా? తనే చూసుకోలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం గ్లాసు తెచ్చుకుని కుర్చీలో కూర్చుని, గుటక గుటకా తాగడం మొదలుపెట్టింది.

అన్నీ అంత తేలిగ్గా రాలేదు. ఒకసారి అయిదుగురు కలిసి గుహలోకి వెళ్ళారు. ఎలుగుబంటి, జట్టులో అందరి గాయాలూ మాన్పే వైద్యుడి మీద పడింది. మేజ్ దగ్గర మంచుగోడ అని ఒక మంత్రం ఉంటుంది. మృగానికీ మనుషులకీ మధ్య వెయ్యాలి. వైద్యుడి ప్రాణం చూపించే ఎర్రగీత జారిపోవడం చూసి ఆమె ఆగలేకపోయింది, వేసేసింది. గోడ ఆ ఇద్దరి మధ్య కాక, వాళ్ళ వెనక పడింది. వైద్యుడూ ఎలుగూ లోపల, మిగతా నలుగురూ బయట. ఒక్కొక్కరే అందరూ పోయారు. “ఎవడీ తడిగుడ్డ? చిన్నపిల్లాడెవడో ఆడుతున్నట్టున్నాడు,” అని రాశాడొకడు. ఆమె కంప్యూటరు కట్టెయ్యబోతుంటే చెవిలో కత్తెరక్క నవ్వు. మిషను ఆపి మరీ నవ్వుతోంది.

“వైద్యుణ్ణీ ఎలుగునీ ఒకే గదిలో పెట్టి తలుపేశావు కదే! పెళ్ళి చేశావా వాళ్ళకి?”

“నాకు చేతకాదక్కా. నాకన్నీ భయాలే.”

“భయం మంచిదే. ఇంతమందిలో ఆయన గీత తగ్గుతోందని చూసిందెవరు? నువ్వొక్కదానివే. నీ భయం సరైనచోటే చూపించింది, చెయ్యి తొందరపడింది. చూపు ఉంచుకో. చేతికి ఒక్క ఊపిరి నేర్పు. పీల్చు, వదులు, అప్పుడు వెయ్యి.”

భయం మానెయ్యమన్నవాళ్ళే తప్ప, దాన్ని దగ్గర పెట్టుకోమన్నవాళ్ళు ఆమెకు ఇదివరకు తగల్లేదు.

ఆరు నెలలు తిరిగేసరికి తడిగుడ్డ అంటే ఆ గేములో ఒక పేరు. ఏ జట్టులో చేరినా నోరు విప్పదు, రెండు ముక్కలు టైపు చేస్తుందంతే. గొంతు ఒక్క కత్తెరక్కకే తెలుసు. ఆ జట్లలో ఒకదానికి నాయకుడు సాక్షాత్తూ మరిదే. ఉద్యోగానికి సెలవున్న మధ్యాహ్నాల్లో డాలు పట్టుకుని ముందుకు దూకుతాడు, వెనక మంచుగోడ వేస్తున్నది ఎవరో తెలియదు. ఓ రెండు వారాల కిందట రెండు రోజులు సెలవు పెట్టి ఇంటికొచ్చాడు. భోజనాల దగ్గర అదే ఊదరగొట్టాడు.

“మా జట్టులో ఒకాయన ఉన్నాడన్నయ్యా, మేజ్. పేరు తడిగుడ్డ.”

“అదేం పేరురా!” భర్త పొలమారేలా నవ్వాడు.

“పేరు చూసి నవ్వకు. నా ప్రాణం సగానికొచ్చిందో లేదో, అడక్కముందే గోడ నా ముందుంటుంది. ఏం చూపన్నయ్యా అది! ఇంజనీరో, పైలట్టో అయ్యుంటాడు. కొత్తవాళ్ళ కోసం ఒక పాఠం రాసివ్వండి సార్ అని కాళ్ళావేళ్ళా పడుతున్నా. వేలమంది చదువుతారు.” కంచం ఎత్తి పట్టుకున్నాడు, ఆమె బల్ల తుడవడానికి వీలుగా. “వదినా, ఆ మూల కూడా. అన్నట్టు, ఈమధ్య నా మూలికలు బాగా తగ్గాయేంటి? నొక్కడానికి కూడా బద్ధకమేనా?”

“మౌసు తిన్నగా పట్టుకోవడం వస్తే కదరా తనకి,” అన్నాడు భర్త.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, చేతిలో గుడ్డ పిండుకుంటూ. కానీ పైలట్టు అన్న మాటను ఆ పూటంతా బుగ్గన పెట్టుకుని చప్పరించింది.

మర్నాడు చెప్తే కత్తెరక్క పడీ పడీ నవ్వింది. “రాయవే మరి.”

“నాకు రాతలో తప్పులొస్తాయక్కా.”

“కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టుకోమా? రాయి. నేను చూసిపెడతా.” మిషను కాస్త నడిచి ఆగింది. “నిన్నట్నుంచి ఈ ఎడంచెయ్యి తిమ్మిరెక్కుతోందే. గుడ్డ లాగీ లాగీ.”

“డాక్టరుకి చూపించుకో అక్కా.”

“ఈ అయిదు గౌన్లూ అవనీ. రేపు ఒంటిగంటన్నరకి, పాప పడుకోగానే. పాఠం తీసుకురా.”

ఆ రేపు రాలేదు. ఊదారంగు అంగీ ఎక్కడా కనిపించలేదు. ఒక్కరోజు కూడా తప్పని మనిషి, పది రోజులైంది. జట్టులో అడిగితే మరిది రాశాడు: “విసుగొచ్చి మానేసి ఉంటారు లెండి సార్. గేమే కదా, అతిగా ఆలోచించకండి.” ఉండబట్టలేక భర్తకు చెప్పింది, తెలిసినావిడ ఒకామె పలకడం లేదని. “ఎవరో, ఏమిటో, ఊరూ పేరూ కూడా తెలీదా? మళ్ళీ మొదలెట్టావా?” అన్నాడు. ఎప్పటిలాగే తనదే తప్పేమో అనుకోబోయింది. అతిగానే ఆలోచిస్తోందేమో. తిమ్మిరి అన్నప్పుడు, వెంటనే వెళ్ళక్కా, గౌన్లు ఎక్కడికీ పోవు అని ఎందుకు గట్టిగా అనలేదు? పాఠం గొడవలో పడి ఎందుకు ఊరుకుంది? వెనక నిలబడింది అందరినీ చూడడానికే కదా?

అరగంటగా కదలని పాఠం వదిలి లేచి, మంచం దగ్గరికి వెళ్ళి పాప ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి వెచ్చగా తగిలింది. వంటింట్లోకి వెళ్ళి చూసింది, స్టవ్ ఆపేసి ఉంది. ఇక్కడంతా బాగానే ఉంది. అయినా గుండె దడ తగ్గలేదు. అంటే ఇవాళ భయం చూపిస్తున్నది ఈ ఇంటివైపు కాదు. గ్లాసు నిండా నీళ్ళు తెచ్చుకుంది, కుర్చీలో కూర్చుని తాగింది. పీల్చింది, వదిలింది. అప్పుడు రాసింది. తప్పులు చూసిపెట్టే మనిషి లేదు కనుక రెండుచోట్ల తనే విప్పి మళ్ళీ కుట్టుకుంది. పాప లేచేలోపు, ఆడేవాళ్ళందరూ చదివే పలక మీద పెట్టేసింది.

‘కొత్తగా మేజ్ ఆడేవాళ్ళకు. మన ఒంటి మీద నూలుబట్టే ఉంటుంది, వెనక నిలబడండి. నిలబడినందుకు సిగ్గుపడకండి. డాలు పట్టినవాళ్ళు మూడు దెబ్బలు కొట్టేదాకా నిప్పు వెయ్యకండి, వేస్తే మృగం మీ మీదకే వస్తుంది. పది మంత్రాలు ఒకేసారి నేర్చుకోవద్దు, ఒకటి కళ్ళు మూసుకుని వేసేంత బాగా నేర్చుకోండి. నీలంగీతలో మూడోవంతు మీకోసం దాచుకోండి. పోట్లాట అయ్యాక కూర్చోండి, కూర్చునే నీళ్ళు తాగండి. కంగారులో వేసిన గోడ మనవాళ్ళ మీదే మూసుకుంటుంది, ఒక్క ఊపిరి పీల్చి వెయ్యండి. భయం ఉంటే మానుకోకండి, అది ఎటు చూపిస్తోందో చూడండి.

‘ఇవి నా మాటలు కావు, నాకు నేర్పిన కత్తెరక్కవి. నేను ఇంజనీరును కాను, పైలట్టునూ కాను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను, రాతలో తప్పులుంటే సర్దుకోండి. మరిదీ, ఇది ముందు నువ్వే చదువుతావు. నీ ముందు మంచుగోడ వేసేది మీ వదినే. ఇకనుంచి నీ మూలికలు నువ్వే కోసుకో.

‘ఇంకొక్కటి. కత్తెరక్క పది రోజులుగా రావడం లేదు. ఆమె అసలు పేరు నాకు తెలియదు, ఊరు తెలియదు. చెవికి తెలిసింది రాస్తున్నాను. మేడ మీద గది. ఎక్కడానికి ఇనప మెట్లు, వాటిలో ఒకటి వదులుగా ఉన్నట్టుంది, ఎవరెక్కినా అక్కడ రెండుసార్లు మోగుతుంది. ఎదురుగా చిన్నపిల్లల బడి, మధ్యాహ్నం రెండున్నరకు గంట. ఆమె మిషను ఆగి ఆగి నడుస్తుంది, మధ్యలో మంత్రాలు వేస్తుంది కాబట్టి. అలాంటి మిషను మీ ఇంటి పక్కన ఉండి, ఈ పది రోజులుగా వినిపించడం లేదంటే, ఇప్పుడే లేవండి. ఆట ఎక్కడికీ పోదు. మెట్లెక్కి తలుపు తట్టండి. తడిగుడ్డ పాఠం తెచ్చిందని చెప్పండి.’